ఒక్కో అక్షరానికి తొమ్మిది గళ్ళు

ట్రాలీ అనే ఊళ్ళో ఒక ఐరిష్ ఆవిడ వంటింట్లో కూర్చుని, ఆవిడ పోసిన టీ తాగుతూ, ఆవిడ చెప్పిన ధరలో మూడోవంతు కోసేసిన తెలుగువాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పదకొండు వందల యూరోల సరుకు ఏడు వందల నలభైకి తెచ్చాను. ఆ బేరం ఎంత బాగా కుదిరిందంటే, దాని దెబ్బకి మా అమ్మాయి తెలుగు రాయడం మానేసింది. మా వంశంలో ఇంత గట్టి బేరం ఎవరూ ఆడలేదు. మా తాతకి మూడు కొట్లుండేవి, ఆయన వల్ల కూడా కాలేదు.

డబ్లిన్ శివారు లూకన్‌లో మేం కొన్ని కుటుంబాలవాళ్ళం కలిసి శనివారాలు ఒక తెలుగు బడి నడుపుతాం. కమ్యూనిటీ సెంటర్‌లో రెండు గదులు, పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా. మా తర్వాత ఆ గదులు ఐరిష్ డాన్సు పిల్లలవి. వాళ్ళు ముందే వచ్చి గోడ అవతల గట్టి అడుగుల బూట్లు వేసుకుని టకటకలాడిస్తుంటారు. ఇవతల మా పిల్లలు గుణింతాలు చదువుతుంటారు. చాలాకాలం నాకు కునుకు పట్టే ముందు ఆ రెండూ కలిసిపోయి వినిపించేవి. కి దగ్గర ఒక బూటు, కీ దగ్గర రెండు. తెలుగు అక్షరాలు చెక్క నేల మీద అడుగులేస్తూ పోతున్నట్టు ఉండేది.

వారానికి రెండు గంటలు చాలవని అందరికీ తెలుసు. అందుకని ఒకాయన ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో బడికి ఒక సైట్ పెట్టాడు. పిల్లలు ఇంట్లోంచే లోపలికి వెళ్ళి పాఠం చదవొచ్చు, రాయొచ్చు, ఎవరు ఎంతదాకా వచ్చారో టీచర్ చూడొచ్చు. బడి తయారైంది. లోపల పాఠాలు లేవు. వాటిని తయారుచేసి ఇచ్చేవాళ్ళ దగ్గర కొనాలి. కొనడమంటే నన్ను పిలుస్తారు. నేను కిరాణా కొట్లో పుట్టి పెరిగిన సంగతి లూకన్‌లో తెలుగువాళ్ళందరికీ నేనే చెప్పుకున్నాను.

ఆ మీటింగు బాగా గుర్తు. సైట్ పెట్టినాయన అన్నాడు, "పాఠాలు స్కార్మ్ కంప్లయంట్ అయ్యుండాలండీ. లేకపోతే మన సైట్‌లో తెరుచుకోవు."

మా ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తీసి, "కంప్లయింటా? ఎవరిచ్చారు? కుర్చీలన్నీ సర్దే కదండీ వెళ్తున్నాం!" అన్నారు.

"కంప్లయింట్ కాదండీ, కంప్లయంట్. అంటే, రూల్ ప్రకారం ఉందని."

"రూల్ ప్రకారం ఉంటే ఇంక కంప్లయింట్ ఎందుకొస్తుంది?"

ఆ రోజు మీటింగు అంతకంటే ముందుకి పోలేదు. స్కార్మ్ అన్న మాట నేనూ అప్పుడే వినడం. విననట్టు కనపడకుండా తలూపాను. కొట్లో పెరిగినవాడికి కూడికల కంటే ముందు వచ్చే విద్య అది.

ఇంటికొచ్చి చదివాను. అర్థం కాదేమో అనుకున్నాను గానీ, చదువుతుంటే చిలకలూరిపేటలో మా కొట్టు కళ్ళముందుకొచ్చింది. పాత పేపరు చింపి పొట్లం చుట్టి, పైనుంచి వేలాడే పురికొస లాగి రెండు చుట్లు తిప్పి తెంపడం. ఎవరు కట్టిన పొట్లమైనా ఎవరింట్లోనైనా విప్పుకోవచ్చు, దానికి మా కొట్టువాడు వెంట వెళ్ళక్కర్లేదు. స్కార్మ్ కూడా అంతే. పాఠాన్ని ఎలా పొట్లం కట్టాలి, లోపల పెట్టే చీటీలో ఏ పేజీ తర్వాత ఏ పేజీ అని ఎలా రాయాలి అన్న ఒప్పందం. ఆపైన, పిల్లలు చదువుతున్నంతసేపూ పాఠం బడితో మాట్లాడుతుంటుంది. ఈ అమ్మాయి మొదలుపెట్టింది, ఇక్కడ ఆగింది, ఇది రాసింది, పూర్తిచేసింది అని. ఆ మాటలు కూడా ముందే ఒప్పుకున్నవే. ఇంకో మాట వాడితే బడికి వినపడదు.

కంప్లయంట్‌కీ సర్టిఫైడ్‌కీ తేడా కూడా నాకు ఇట్టే పట్టుబడింది. ఏడాదికోసారి తూనికలు కొలతల ఆఫీసాయన వచ్చి మా రాళ్ళ మీద ముద్ర వేసేవాడు. ముద్ర పడింది సర్టిఫైడ్. ముద్ర పడినదానితో సమానమేనని కొట్టువాడు తనంతట తాను చెప్పేది కంప్లయంట్. తెలుగులో రెండూ ప్రమాణమే, ఒకటి కొలత, ఒకటి ఒట్టు. ఇది ఆలోచించుకుని నాలో నేనే మురిసిపోయాను. ఇంత తెలిశాక ఇంక నన్ను ఎవరు మోసం చేస్తారు అనుకున్నాను. ఎవరూ చేయలేదు కూడా.

పాఠాలు తయారుచేసే ఆవిడది ట్రాలీ. ఇంట్లోంచే ఒంటరిగా పనిచేసుకుంటుంది. కొటేషన్ మెయిల్లో పంపింది. ఫోన్లో బేరం బేరం కాదని, మొహం కనపడాలని, నేను డబ్లిన్‌లో రైలెక్కాను. నాలుగు గంటలు. ఆ ప్రయాణం ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో చేసినట్టే ఉంటుంది. కిటికీ అవతల పచ్చదనం ఎంతసేపటికీ అయిపోలేదు. వాన అద్దం మీద పక్కకి పాకుతోంది. ఆవులు కదలకుండా నిలబడి ఉన్నాయి, రైలు కూడా నిలబడే ఉందేమో అనిపించింది. ఒళ్ళో ఉన్న కొటేషన్ కాగితం మీద లైన్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోతుంటే, కళ్ళు మూసుకుని ఏ లైను ఎంతకి కోయాలో లెక్కలేసుకున్నాను.

ఆవిడ స్టేషన్‌కి వచ్చి కార్లో తీసుకెళ్ళింది. ఇంత దూరం ఎందుకొచ్చావని ఒక్కసారే అడిగింది. వంటింట్లో కూర్చోబెట్టి, "కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి, కాస్త తీస్తావా?" అంది. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. కప్పులు తీస్తుంటే ఆవిడ కూడా వచ్చి అదే అలమరలోంచి రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి ఆవపొడి డబ్బా, పిడికెడంత. ఇంకొకటి బిస్కెట్ల డబ్బా.

"స్కార్మ్‌లో రెండు రకాలున్నాయి," అంది. ఆవిడ ఇంగ్లీషుని నా తెలుగులో రాస్తున్నాను. "పాతది ఒకటి పాయింట్ రెండు. కొత్తది రెండు వేల నాలుగు."

"రెండు వేల నాలుగుది కొత్తదా?"

"ఈ వ్యాపారంలో అదే కొత్త."

"తేడా ఏంటి?"

"చాలా ఉన్నాయి. నీకు కావలసింది ఒకటే. పిల్లలు పాఠం మధ్యలో ఆపేస్తే, ఎక్కడ ఆపారో, అప్పటిదాకా ఏం రాశారో పాఠం ఒక డబ్బాలో దాచుకుంటుంది. సస్పెండ్ డేటా అంటారు. మళ్ళీ తెరిచినప్పుడు అందులోంచి తీసి చూపిస్తుంది. పాతదానికి డబ్బా ఇది." ఆవపొడి డబ్బా. "కొత్తదానికి ఇది." బిస్కెట్ల డబ్బా.

నాకు లోపల నవ్వొచ్చింది. చిన్నదాని పక్కన పెద్దది పెడితే కొనేవాడి చెయ్యి దానంతట అదే పెద్దదాని మీదకి పోతుంది. ఈ విద్య నేను లాగు వేసుకునే రోజుల్లోనే మా నాన్న దగ్గర చూశాను. పాపం, నా మీదే ప్రయోగిస్తోంది.

"చిన్నదాంట్లో ఎంత పడుతుందండీ?"

"నాలుగు వేల తొంభై ఆరు గుర్తులు. ఇంగ్లీషైతే పేజీన్నర రాయొచ్చు. మీ లిపికి ఎంతో నాకు తెలీదు. ఒక పూట కూర్చుని పరీక్షించాలి. అందుకే కొటేషన్‌లో ఆ లైను పెట్టాను, చూడు."

"ఆ లైను కొట్టేయండి. పెద్ద డబ్బా కూడా వద్దు. పాతది చాలు."

"పిల్లలు సొంతంగా రాసే పాఠాలున్నాయి కదా ఇందులో?"

"ఉన్నాయి. రెండు లైన్లు రాస్తే మాకు పండగ. మా పిల్లలు తెలుగులో ఎక్కువ రాసేస్తారన్న భయం మీరేం పెట్టుకోకండి."

సరదాగానే అన్నాను. బేరంలో సొంత సరుకుని కాస్త తక్కువ చేసి మాట్లాడటం మామూలే. ఆవిడ నవ్వలేదు. రెండు డబ్బాలనీ కాసేపు చూసి, పెద్దదాన్ని అలమరలో పెట్టేసి, "అయితే గ్రాండ్," అంది. గ్రాండ్ అంటే ఇక్కడ గొప్పగా ఉందని కాదు, సరేలే, నీ ఇష్టం అని. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ పూటకి మాత్రం గొప్పగా ఉందనే వినిపించింది.

తర్వాతి శనివారం ప్రెసిడెంటు గారు నా భుజం తట్టి, "మీరుండగా మాకేం తక్కువండీ," అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, "రైలు టికెట్ ఎంతయింది?" అని మాత్రం అడిగింది.

పాఠాలు సైట్‌లో ఎక్కాయి. అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. సైట్‌లో కనిపించే ఇంగ్లీషు మాటలన్నిటికీ తెలుగు నేనే పెట్టాను. పూర్తిచేసినవాళ్ళ పేరు పక్కన పచ్చ టిక్కు, పూర్తయింది అని. చేయనివాళ్ళకి బూడిదరంగులో, అసంపూర్ణం అని. ఆ మాట రాసినప్పుడు చాలా హుందాగా ఉందనిపించింది.

మా అమ్మాయికి పదేళ్ళు. తెలుగు మొత్తం అర్థమవుతుంది. జవాబు మాత్రం లూకన్ యాసలో ఇంగ్లీషు, మధ్యలో ఎప్పుడైనా ఒక తెలుగు ముక్క. చదవడం కూడబలుక్కుని చదువుతుంది, రాయడమంటే పారిపోతుంది. అలాంటి పిల్ల ఆ శరదృతువులో, నాలుగో పాఠం దగ్గర, పట్టు పట్టి కూర్చుంది. పాఠం పేరు మా వీధి. మీ వీధి గురించి మీకు తోచినంత రాయండి అని ఒక ఖాళీ గడి.

సాయంత్రాలు నేను ఎయిర్‌పోర్టు పక్కన స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉన్న ఆఫీసు నుంచి రెండు బస్సులు మారి ఇంటికొచ్చేసరికి అది వంటింటి బల్ల దగ్గర ఉండేది. బయట వాన పడుతోందో లేదో తెలియని ఆ వెలుగు. అది కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ, మధ్యలో తల ఎత్తకుండానే నన్ను అడిగేది.

"నాన్నా, డ్రిజిల్‌ని ఏమంటారు?"

"తుంపర."

"మరి పడకుండా... జస్ట్ హ్యాంగింగ్, లైక్? అది?"

ఆలోచించాను. ముసురు అందామంటే అది పడుతుంది. మంచు అందామంటే అది వాన కాదు. మా ఊళ్ళో వాన అయితే పడేది, లేకపోతే లేదు. "దానికి మన దగ్గర మాట లేదమ్మా. నువ్వే ఏదో ఒకటి చెప్పు," అన్నాను. అది కాసేపు కిటికీలోకి చూసి మెల్లగా ఏదో కొట్టింది.

ఇంకో రోజు, "ఫాక్స్ అంటే నక్క, ఓకే. నక్కని అది అనాలా, ఆమె అనాలా?"

"అది."

"బట్ షీ హ్యాజ్ బేబీస్."

"పిల్లలున్నా అదే అంటాం."

"దట్స్ సో మీన్," అని నన్ను కొరకొరా చూసింది. ఆ నక్క నిజంగానే ఉంది. మా ఇళ్ళ మధ్య పచ్చిక మీద తెల్లవారేటప్పుడు కనిపించేది. మా వీధి వాళ్ళందరికంటే ముందే లేచి, ఎవరి బిన్ను తెరిచి ఉందో చూసుకుంటూ తీరిగ్గా నడిచి వెళ్ళేది.

ఏం రాస్తోందో నేను చదవలేదు. అడిగినప్పుడు మాట అందించాను, అంతే. మా నాన్న కూడా అలాగే, నేను లెక్క అడిగితే తలెత్తకుండా జవాబు చెప్పేవాడు, చేతిలో కాటా ఊగుతూనే ఉండేది.

మూడు వారాలయ్యాక ఒక శనివారం టీచర్ ఆంటీ స్క్రీన్ మీద పట్టీ పెట్టి, మా వీధి పూర్తిచేసినవాళ్ళ పేర్లు చదివింది. మొదటి పేరు ఒక కుర్రాడిది, వాడు రాసింది మూడు మాటలు, మా వీధి బాగుంది. పచ్చ టిక్కు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి పేరు పక్కన బూడిదరంగు. దాని కింద, ఏడుసార్లు తెరిచి మూసినట్టు తేదీలు. పాఠాలు కొన్న ఘనుడి కూతురు.

కార్లో అందుకున్నాను. "ఏడుసార్లు లోపలికెళ్ళావు. ఏడుసార్లూ ఏం చేయకుండా బయటికొచ్చావు. వంటింట్లో కూర్చుని చేసిందేంటి మరి?"

"అసంపూర్ణం అంటే ఏంటి?"

"సగంలో వదిలేసింది అని."

"నేను వదల్లేదు. అదే నన్ను వదిలేసింది." తర్వాత ఇంగ్లీషులోకి మారిపోయింది. రాస్తే పోతోందని, మళ్ళీ రాస్తే మళ్ళీ పోతోందని, ఎవరికి చెప్పాలో తెలీలేదని.

"మిగతావాళ్ళవి పోలేదు కదా? అబద్ధాలు చెప్పకు."

ఆ మాట అన్నాను. పట్టీలో ఉన్నది నిజం, మనిషి చెప్పింది అబద్ధం అని అనుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. అది ఇంటిదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు, "ఐ యామ్ డన్ విత్ తెలుగు," అంది. కోపంగా కాదు. నిర్ణయం అయిపోయినట్టు.

మా ఆవిడ అంతా విని నాతో, "ఏవండీ, అది రాస్తుంటే ఒక్కసారైనా పక్కన కూర్చున్నారా? రేపు కూర్చోండి. తర్వాత తిట్టండి," అంది.

ఆదివారం పొద్దున్న బతిమాలాను. ఒక్కసారి నా ముందు రాయమన్నాను. అది చాలాసేపు ఒప్పుకోలేదు, చివరికి వాళ్ళమ్మ మొహం చూసి కూర్చుంది. ఎనిమిదోసారి కదా, ఇప్పుడు అక్షరాలు వెతుక్కోవడం లేదు. వేళ్ళు వాటంతట అవే వెళ్తున్నాయి. వంటింట్లో ఎండ లేని ఆదివారపు వెలుగు పరుచుకుని ఉంది. టీ చల్లారిపోతోంది. నేను దాని భుజం మీదుగా మొదటిసారి చదివాను. మా వీధిలో వాన పడదు, వేలాడుతుంది. నక్క అద్దె కట్టదు, అయినా ఆమెని ఎవరూ ఇల్లు ఖాళీ చేయమనరు. బస్సు డ్రైవరుకి మా నాన్న తెలుసు, మా నాన్నకి ఆయన తెలీదు.

ఇంకా ఉంది. పేజీ నిండా ఉంది. పక్కింటి ముసలాయన కుక్క గురించి, మా ఎదురింటివాళ్ళు తలుపు రంగు మార్చడం గురించి. తప్పులున్నాయి, ఒత్తులు ఎగిరిపోయాయి. నేను దిద్దలేదు. ఆ కాసేపు నేను లూకన్‌లో లేను, చిలకలూరిపేటలోనూ లేను. ఎప్పుడూ ఎవరూ తెలుగులో చూడని ఒక వీధిలో నిలబడి ఉన్నాను. అది రాయడం ఆపి, ముగించు అన్న బొత్తాం నొక్కి, మళ్ళీ తెరిచింది. నమస్కారం, మా వీధి పాఠానికి స్వాగతం. కింద గడి ఖాళీ.

అది స్క్రీన్ చూడలేదు. నన్నే చూస్తోంది. "చూశావా?"

చూశాను. ఒక ఫోటో తీసుకోవాలని గానీ, కాపీ చేసుకోవాలని గానీ నాకు తట్టలేదు. ప్రతి సరుకుకీ రెండు చీటీలు రాసే ఇంట్లో పుట్టినవాణ్ణి.

సోమవారం ఆఫీసు వరండాలోంచి ట్రాలీకి ఫోన్ చేశాను. పైన విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఆవిడ అంతా విని, సైట్‌లోకి వెళ్ళి చూస్తానని చెప్పి, పావుగంటలో తిరిగి చేసింది.

"డబ్బా నిండి పొంగిపోతోంది," అంది. "పొంగితే బడి మిగతాది తీసుకోదు. తర్వాత తెరిస్తే సగం తెగిన ముక్క దొరుకుతుంది. అది ఏంటో పాఠానికి అర్థం కాక మొదటి నుంచి మొదలుపెడుతుంది."

"ఒక్క పేజీయే కదండీ రాసింది? పేజీన్నర పడుతుందన్నారు."

"ఇంగ్లీషుకి. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు. మీ అక్షరాన్ని దాచేముందు ఈ పాఠం దాన్ని ఒక సంకేతంలోకి మారుస్తుంది. అలా మారిస్తే ఒక్కోదానికి తొమ్మిది గళ్ళు అవుతాయి. గుణింతం గుర్తుకి మళ్ళీ వేరే తొమ్మిది. ఒత్తుకి వేరే. ఫాక్స్‌ని మీరేమంటారు?"

"నక్క."

కాసేపు కీబోర్డు చప్పుడు. "ఫాక్స్‌కి మూడు గళ్ళు. నక్కకి ముప్ఫై ఆరు. యాభై, అరవై మాటలు దాటాయంటే డబ్బా అయిపోయినట్టే. తక్కువ రాసిన పిల్లలకి ఏ ఇబ్బందీ ఉండదు."

చెప్పాను కదా అని ఆవిడ అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

ఆ సాయంత్రం బస్సు పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చున్నాను. ఊరంతా తడిసిన దీపాలు. ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది కుర్చీలు వేసుకుని కూర్చున్నట్టు కళ్ళముందు కనిపించింది. న, క, కింద ఒత్తు. పెళ్ళికి వచ్చిన పెద్దింటివాళ్ళలా సామాన్లన్నీ పక్కన పెట్టుకుని, కదలకుండా. వాళ్ళకి చోటు సరిపోతుందా అని నన్ను ఒకావిడ ముందే అడిగింది. ఎవరూ రారు, చిన్న గది చాలని నేనే చెప్పాను. ప్రమాణంలో తప్పు లేదు. అందులో ఎంత పడుతుందో మొదటి రోజునే అంకెతో సహా రాసి ఉంది. నేను కొలిచింది డబ్బాని కాదు, పిల్లల్ని. అది కూడా చూడకుండా కొలిచాను. నా స్టాపు దాటిపోయి, రెండు స్టాపుల అవతల దిగి వెనక్కి నడిచాను.

మా అమ్మాయికి నిజం చెప్పాలని భోజనాలయ్యాక మొదలుపెట్టాను. దాని తప్పు కాదని, అది అబద్ధం చెప్పలేదని, తప్పు నేను కొన్న డబ్బాదని. అక్కడ ఆపేస్తే సరిపోయేది. బేరంలో ఎక్కడ ఆపాలో నాకు బాగా తెలుసు. కానీ అది, "వై డిడ్ యూ గెట్ ద స్మాల్ వన్?" అని అడిగింది.

"తక్కువకి వస్తుందని. మా పిల్లలు తెలుగులో ఎక్కువ రాయరులెండి అని ఆవిడతో అన్నాను."

"అబౌట్ మీ?"

"నీ ఒక్కదాని గురించే కాదు. అందరి గురించి."

"అందరిలో నేను కూడా ఉన్నాగా, నాన్నా."

ఆ వాక్యం మొత్తం తెలుగులోనే అంది. తర్వాత లేచి పళ్ళెం సింకులో పెట్టి పైకి వెళ్ళిపోయింది.

కమిటీకి కూడా చెప్పాను. ఇంకో ఇద్దరు ఆడపిల్లలవీ అలాగే పోయాయని అప్పుడు బయటపడింది. వాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఆ పాఠం తెరవడం మానేశారట, తమకే చేతకాలేదనుకుని. ప్రెసిడెంటు గారు, "పోనీండి, ఏదో సాంకేతికం," అన్నారు. సాంకేతికం కాదండీ, నా బేరం అన్నాను. ఆయన నమ్మలేదు. పెద్ద డబ్బా డబ్బులు, కొట్టేయించిన పరీక్ష డబ్బులు నా జేబులోంచి ట్రాలీకి పంపాను. ఈసారి రూపాయి తగ్గించమనలేదు. ఆవిడ రెండు రోజులు కూర్చుని అన్ని పాఠాలూ మార్చింది, తెలుగులో పొడుగాటి పేజీలు పెట్టి పరీక్షించింది. ఇప్పుడు ఏదీ పోదు. అరవై నాలుగు వేల గుర్తులు పడతాయి.

పోయిన కథ మళ్ళీ రాయమని మా అమ్మాయిని అడిగాను. రాయనంది. నాకు గుర్తున్న ముక్కలు చెప్తా, కలిపి రాద్దామన్నాను. "దట్స్ యువర్స్ దెన్," అంది. నిజమే.

ఇక లెక్క. ఆవిడ మొదట అడిగింది పదకొండు వందలు. నేను బేరమాడి ఇచ్చింది ఏడు వందల నలభై. తర్వాత డబ్బా మార్చడానికీ, పరీక్షకీ నాలుగు వందల ఇరవై. రైలు టికెట్ రానూ పోనూ అరవై, దాన్ని బేరం రోజున లెక్కలోకి రానివ్వలేదు. మొత్తం పన్నెండు వందల ఇరవై. అడిగింది అడిగినట్టు ఇచ్చి, ఇంట్లో కూర్చుని ఉంటే నూట ఇరవై మిగిలేది.

మా అమ్మాయి రాసిన పేజీలు ఎనిమిది. నాకు మాట మాటగా గుర్తున్నవి మూడు వాక్యాలు. అది బడికి రాని శనివారాలు నాలుగు. ఐదో శనివారం వాళ్ళమ్మ ఏం చెప్పిందో తెలీదు, వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. ఆ వారం పాఠం మా ప్రయాణం. అది రాసింది ఇది. మా బస్సు ఆలస్యంగా వస్తుంది. వాన పడుతుంది. నేను నిలబడతాను. అంతే. ఇంక రాయను.

లెక్కపెట్టాను. పన్నెండు వందల ఇరవై యూరోలకి పదకొండు మాటలు. అందులో రెండు, ఇంక రాయను అన్నవి.